హువాయ్‌హాయ్ యుద్ధంలో చియాంగ్ కై షేక్ సేనల ఓటమికి అసలు కారణం ఏమిటి?

నల్లరేగడి (ప్రశ్న):

చైనా అంతర్యుద్ధం చివరి ఘట్టం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. 1948 నవంబరు 6న మొదలై 1949 జనవరి 10న ముగిసిన హువాయ్‌హాయ్ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి కొన్ని సందేహాలు ఎంతకీ తీరడం లేదు. విషయం తెలిసినవారు వివరంగా రాస్తే నాతోపాటు ఇక్కడ చదివే మరికొందరికి కూడా ఉపయోగపడుతుందని అడుగుతున్నాను.

చియాంగ్ కై షేక్ నడిపిన కొమింటాంగ్ (జాతీయవాద పార్టీ) ప్రభుత్వం వైపు సుమారు 8 లక్షల మంది సైనికులు, కమ్యూనిస్టుల ప్రజా విముక్తి సైన్యం వైపు సుమారు 6 లక్షల మంది ఉన్నారు. విమానాలు పూర్తిగా ప్రభుత్వానివే. ట్యాంకులు, లారీలు, అమెరికా నుంచి వచ్చిన ఫిరంగులు కూడా ఆ వైపే ఎక్కువ. రెండు ప్రధాన రైలు మార్గాలు కలిసే షూజౌ నగరం కూడా వారి చేతిలోనే ఉంది. అయినప్పటికీ రెండు నెలలు దాటీ దాటకముందే ప్రభుత్వం దాదాపు 5 లక్షల 55 వేల మందిని పోగొట్టుకున్నది. అందులో సగానికి పైగా పట్టుబడినవారే. ఎదుటి పక్షానికి కలిగిన నష్టం 1 లక్షా 36 వేలు అంటారు.

మన తెలుగు పాఠకులకు చైనా విప్లవం అనగానే కొండలు, అడవులు, రాత్రి దాడులు, గెరిల్లా దళాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ మాత్రం చదును మైదానంలో లక్షల సైన్యాలు ఎదురెదురుగా నిలిచి, కందకాలు తవ్వుకొని పోరాడాయి. ఈ మార్పు ఎలా సాధ్యమైంది? ఓటమికి కారణం రాజధాని నాన్‌జింగ్‌లోని యుద్ధ కార్యాలయంలో ఉన్న గూఢచారులా, చియాంగ్ స్వయంగా ఇచ్చిన ఆదేశాలా, లేక కమ్యూనిస్టు సైన్యానికి తిండి మోసుకువెళ్ళిన రైతులా? ఒక్కో పుస్తకం ఒక్కో కారణాన్ని ముందుకు తెస్తున్నది. మీ అభిప్రాయం ఏదైనా సరే, దానికి ఆధారమైన సంఘటనలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతపటం:

నల్లరేగడి గారూ, ముందు పటం దగ్గర పెట్టుకొని చూడండి. ఉత్తరాన తియాన్‌జిన్ నుంచి దక్షిణాన యాంగ్‌ట్సీ ఒడ్డున ఉన్న పుకౌ వరకు వచ్చే రైలు మార్గమూ, తూర్పున సముద్రతీరం నుంచి పడమటికి షియాన్ వైపు సాగే లుంగ్‌హాయ్ మార్గమూ షూజౌ దగ్గర కలుస్తాయి. షూజౌకు దక్షిణంగా సూషియన్, ఇంకా దిగువన హువాయ్ నది ఒడ్డున బెంగ్‌బు, ఆ తరువాత యాంగ్‌ట్సీ, నదికి ఆవలి ఒడ్డున రాజధాని నాన్‌జింగ్ ఉన్నాయి. ప్రభుత్వ సేనలకు రెండే దారులు ఉండేవి. షూజౌను వదిలి హువాయ్ నది వెనక్కి చేరి, నదిని అడ్డం పెట్టుకొని రాజధానిని కాపాడుకోవడం ఒకటి. అన్ని బలాలనూ షూజౌ దగ్గరికి చేర్చి అక్కడే తేల్చుకోవడం రెండవది. అక్టోబరు అంతా నాన్‌జింగ్ పెద్దలు ఈ రెండింటి మధ్య ఊగిసలాడారు. నా దృష్టిలో ఓటమికి మూలం అక్కడే ఉంది. మిగిలినవన్నీ దాని మీద పేరుకున్నవే.

సేనాధిపత్యం కూడా తేలలేదు. అక్టోబరు చివరలో బై చోంగ్‌షీ అనే సేనానిని పిలిపించి మొత్తం బాధ్యత అప్పగించబోతే ఆయన నిరాకరించారు. షూజౌ కేంద్రానికి అధిపతిగా ఉన్న ల్యూ జీ సమర్థుడని సొంత వర్గంలోనే ఎవరూ నమ్మేవారు కారు. యుద్ధాన్ని నిజంగా నడపవలసిన దు యూమింగ్‌ను మంచూరియాలో మునిగిపోతున్న సేనల సంగతి చూడడానికి పంపించి, ఇక్కడ పోరు మొదలైన తరువాత గానీ వెనక్కి రప్పించలేదు. మంచూరియాలో ప్రభుత్వం 4 లక్షల 70 వేల మందిని పోగొట్టుకొని అప్పటికి వారం రోజులు కూడా కాలేదు.

ఇక యుద్ధం జరిగిన తీరు చూడండి. షూజౌకు తూర్పున లుంగ్‌హాయ్ మార్గం మీద హువాంగ్ బైతావో నాయకత్వంలో లక్షకు పైగా సేన ఉంది. దానిని షూజౌకు రమ్మని ఆదేశం వచ్చింది. అయితే సముద్రతీరాన హాయ్‌జౌలో ఉన్న మరొక దళాన్ని కూడా వెంట తీసుకురావాలన్నారు. ఆ దళం కోసం ఎదురుచూడడంలో రెండు రోజులు గడిచిపోయాయి. దారిలో మహా కాలువను దాటాలి. దాని మీద పనికివచ్చే వంతెన ఒక్క రైలు వంతెనే. ఎదురుచూసిన ఆ రెండు రోజుల్లో పడవల వంతెన ఒకటి కట్టించి ఉండవచ్చు, కానీ కట్టించలేదు. లక్ష మంది సైనికులు, ఫిరంగులు, గుర్రాలు, బండ్లు, వెంటబడి వచ్చిన అధికారుల కుటుంబాలు, పౌరులు ఆ ఒక్క వంతెన మీద ఇరుక్కుపోయారు. విడిగా మరొక రేవు దగ్గర దాటబోయిన దళం అక్కడే నాశనమైంది. కాలువ దాటిన మిగతా సేన నియన్‌జువాంగ్ అనే గ్రామం దగ్గర ఆగింది. నవంబరు 11 నాటికి ముట్టడి పూర్తయింది.

షూజౌ నుంచి నియన్‌జువాంగ్ సుమారు 50 కిలోమీటర్ల దూరం. ప్రభుత్వ సేనానులు చ్యూ చింగ్‌చ్వాన్, లీ మీల సేనలు ట్యాంకులతో, విమానాల అండతో తూర్పుకు బయలుదేరి పది రోజులు పోరాడినా చేరుకోలేకపోయాయి. నవంబరు 22న హువాంగ్ బైతావో చనిపోయారు. తనను తానే కాల్చుకున్నారని ఎక్కువమంది చెబుతారు. ఆయన చియాంగ్ సొంత వాంపోవా సైనిక పాఠశాల వర్గంవారు కారు. రక్షించడానికి వచ్చినవారు మనస్ఫూర్తిగా పోరాడలేదన్న అనుమానం ఆనాటి నుంచీ ఉంది. వాంపోవా వారికి ఒక న్యాయం, మిగిలినవారికి మరొక న్యాయం అన్న భావన కొమింటాంగ్ సైన్యంలో చాలా లోతుగా పాతుకుపోయి ఉండేది.

ఈలోగా నవంబరు 16 తెల్లవారేసరికి కమ్యూనిస్టుల పక్షాన ల్యూ బోచెంగ్, డెంగ్ షియావోపింగ్ నడిపిన సేన సూషియన్‌ను పట్టుకున్నది. దానితో షూజౌకూ బెంగ్‌బుకూ మధ్య రైలు తెగిపోయింది. షూజౌ తూర్పున సాగుతున్న హోరాహోరీ పోరుతో పోలిస్తే సూషియన్ చిన్న పోరాటమే. అయితే షూజౌ సేనలకు తిరిగివెళ్ళే దారి లేకుండా చేసింది మాత్రం అదే.

తెగిన దారిని తెరవడానికి హెనాన్ వైపు నుంచి హువాంగ్ వెయ్ సేనను రప్పించారు. 1 లక్షా 20 వేల మంది, ప్రభుత్వం దగ్గర ఉన్న అత్యుత్తమ దళాలలో ఒకటి. అది ఒకదాని తరువాత ఒకటిగా నదులు దాటుకుంటూ వచ్చి నవంబరు 25 నాటికి షువాంగ్‌ద్వేజి దగ్గర చిక్కుకున్నది. ఇప్పుడు దానిని విడిపించాలి. నవంబరు 28న నాన్‌జింగ్‌లో షూజౌను వదిలివేయాలని నిర్ణయించారు. దు యూమింగ్ అక్కడ ఒక షరతు స్పష్టంగా చెప్పారు: షూజౌను వదిలితే దారిలో యుద్ధానికి నిలబడకూడదు, యుద్ధమే చేయాలనుకుంటే షూజౌను వదలకూడదు. చియాంగ్ ఒప్పుకున్నారు. నవంబరు 30న దు యూమింగ్ మూడు సేనలతో, దాదాపు 3 లక్షల మందితో నైరుతి దిశగా బయలుదేరారు. డిసెంబరు 3న విమానం నుంచి జారవిడిచిన చియాంగ్ చేతిరాత ఉత్తరం ఆయనకు అందింది. దారి మళ్ళి హువాంగ్ వెయ్‌ను రక్షించాలన్నది దాని సారాంశం. ఆయన ఆగారు, సేనానులను పిలిచి చర్చించారు, దిశ మార్చారు. మరునాటికి ఆయన సేన కూడా ముట్టడిలో ఉంది.

ఒక సేనను విడిపించడానికి మరొక సేన, దానిని విడిపించడానికి ఇంకొకటి, ఇలా మూడూ పోయాయి. ఏ ఒక్క ఆదేశాన్ని విడిగా చూసినా అందులో అర్థం ఉన్నట్టే కనిపిస్తుంది. చిక్కుకున్న సైనికులను వదిలేయమని ఏ పాలకుడు చెప్పగలడు? కానీ ఎక్కడో ఒకచోట, ఏదో ఒక నష్టానికి సిద్ధపడి నిలబడవలసిన అవసరాన్ని చియాంగ్ చివరిదాకా అంగీకరించలేదు. వందల కిలోమీటర్ల దూరంలో కూర్చొని డివిజన్ల స్థాయి వరకు తానే కదపాలనుకోవడం ఆ లోపాన్ని ఇంకా పెంచింది.

గోదారిగట్టు:

పాతపటం గారు గూఢచారుల ప్రస్తావన తేలేదు కనుక ఆ సంగతి నేను రాస్తాను.

గువో రుగ్వే నాన్‌జింగ్ రక్షణ శాఖలో యుద్ధ వ్యూహాల విభాగానికి అధిపతి. చియాంగ్ ఆయనను ఎంతో నమ్మేవారు. ఆయన కమ్యూనిస్టుల పక్షాన రహస్యంగా పనిచేశారన్నది తరువాత తేటతెల్లమైంది. దు యూమింగ్‌కు అప్పుడే అనుమానం ఉండేది. నవంబరు 28 సమావేశంలో అందరి ఎదుటా షూజౌ ఉపసంహరణ పథకాన్ని బయటపెట్టకుండా చియాంగ్‌తో విడిగా గదిలో మాట్లాడడానికి కారణం కూడా అదే. అంటే సొంత రాజధానిలో, సొంత పటం ముందు నిలబడి ఒక సేనాధిపతి నోరు విప్పడానికి భయపడే స్థితి వచ్చింది. సమాచారం ఎంత బయటికి పోయిందన్న లెక్క కన్నా ఈ అపనమ్మకమే ఎక్కువ హాని చేసిందని నేను అనుకుంటాను.

దీనికన్నా సూటిగా దెబ్బతీసింది నవంబరు 8 నాటి ఫిరాయింపు. షూజౌకు ఈశాన్యాన తైఅర్‌జువాంగ్, జియావాంగ్ ప్రాంతాలను కాపలా కాస్తున్న దళాల ఉపసేనాధిపతులు హే జిఫెంగ్, జాంగ్ కెషియా సుమారు 23 వేల మందితో అవతలి పక్షంలో కలిశారు. ఇద్దరూ ఎన్నో ఏళ్ళ క్రితమే రహస్యంగా కమ్యూనిస్టు పార్టీలో చేరినవారు. హే జిఫెంగ్ 1937లో మార్కో పోలో వంతెన దగ్గర జపాను సేనలను ఎదిరించిన బ్రిగేడ్‌కు నాయకుడు. ఆ రోజుల్లో దేశమంతటా పేరు పొందినవాడు. వారు తప్పుకోవడంతో కమ్యూనిస్టు దళాలు ఆ దారిన నేరుగా దిగివచ్చి షూజౌకూ హువాంగ్ బైతావోకూ మధ్య చొరబడ్డాయి. ఆ తలుపు మరో రెండు మూడు రోజులు మూసి ఉంటే నియన్‌జువాంగ్ సేన షూజౌ చేరుకొని ఉండేదేమో.

మూడవది షువాంగ్‌ద్వేజిలో జరిగింది. నవంబరు 27న ముట్టడిని ఛేదించడానికి హువాంగ్ వెయ్ నాలుగు డివిజన్లను ఒకేసారి ముందుకు పంపాలనుకున్నారు. తన 110వ డివిజన్‌ను ముందుగా వెళ్ళనివ్వమని ల్యావో యున్‌జౌ కోరారు. ముట్టడి చేస్తున్న సేన ఆయన డివిజన్‌కు ముందే కుదుర్చుకున్న దారిని విడిచిపెట్టింది. ఆయన వెళ్ళిపోగానే దారి మూసుకుపోయింది. వెనుక వచ్చిన డివిజన్ల మీద అన్ని వైపుల నుంచీ కాల్పులు మొదలయ్యాయి.

అయితే గూఢచారుల వల్లనే ఓటమి అన్న వాదనను నేను పూర్తిగా అంగీకరించను. పెద్ద స్థానాల్లో ఉన్న ఇంతమంది ఇన్నేళ్ళపాటు అవతలి పక్షానికి పనిచేయగలిగారంటే, ఆ ప్రభుత్వం మీద సొంత అధికారులకే నమ్మకం పోయిందని అర్థం. 1937–45 మధ్య జపానుతో పోరాడినవారు ఆ తరువాత మూడేళ్ళలో చూసినది లంచాలు, ధరల పెరుగుదల, వర్గ పక్షపాతం. ఫిరాయింపులు అక్కడి నుంచే పుట్టాయి.

నల్లరేగడి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వంతెన సంగతి, డిసెంబరు 3 నాటి ఉత్తరం సంగతి ఇంత స్పష్టంగా నేను ఎక్కడా చదవలేదు. ఇంకొక సందేహం మిగిలింది. హువాయ్‌హాయ్ విజయాన్ని రైతులు తమ తోపుడు బండ్లతో నెట్టుకొచ్చారని కమ్యూనిస్టు సేనాని చెన్ యీ అన్న మాట చైనాలో చాలా ప్రసిద్ధి. 50 లక్షలకు పైగా రైతులు సైన్యానికి సేవ చేశారంటున్నారు. ఇది గెలిచినవారు తమ గొప్ప కోసం చెప్పుకున్న మాటా, లేక యుద్ధాన్ని నిజంగా నిర్ణయించిన విషయమా?

ధాన్యపుగాదె:

నల్లరేగడి గారూ, సంఖ్యను విడదీసి చూస్తే రెండూ అర్థమవుతాయి. చైనా ప్రభుత్వం చెప్పే మొత్తం 54 లక్షల 30 వేల మంది. అందులో దాదాపు 39 లక్షల మంది వెనుక ప్రాంతాల్లో కొద్ది రోజులో కొద్ది వారాలో పనిచేసినవారు. రోడ్లు బాగుచేయడం, ధాన్యం దంచడం, పిండి విసరడం, బుట్టలు మోయడం వారి పని. సైనిక దళాల వెంట చివరిదాకా నడిచినవారు సుమారు 2 లక్షల 20 వేలు. మిగిలినవారు ఆ రెండింటి మధ్య దూరాన్ని కలిపినవారు. అన్నీ కలిపి ఒకే సంఖ్యగా చెప్పినప్పుడు అది ప్రచారంలా వినిపిస్తుంది. విడదీసి చెప్పినా చిన్నదేమీ కాదు. చిన్నా పెద్దా కలిపి 8 లక్షల 80 వేల బండ్లు, 2 లక్షల స్ట్రెచర్లు లెక్కకు వచ్చాయి.

ఆ బండిని దగ్గరగా చూస్తే ఈ వ్యవస్థ బోధపడుతుంది. మధ్యలో ఒకే ఒక్క కొయ్య చక్రం, దానికి రెండు వైపులా బరువు కట్టుకునే చట్రం, వెనుక రెండు చేతికర్రలు, చేతికర్రలను కలుపుతూ మెడ మీదుగా వేసుకునే పట్టీ ఉంటాయి. పొలం గట్టు మీద కూడా పోగలదు. పెట్రోలు అక్కరలేదు, రోడ్డు అక్కరలేదు. విరిగితే ఏ ఊరి వడ్రంగి అయినా బాగుచేయగలడు. అదే సమయంలో ప్రభుత్వ సేనల లారీలకు పెట్రోలు కావాలి, రైలుకు తెగని పట్టాలు కావాలి, విమానానికి తెరిపి ఇచ్చిన ఆకాశం కావాలి. నవంబరు మధ్య నుంచి ఆ మూడూ ఒకదాని తరువాత ఒకటి వారికి దూరమయ్యాయి.

షాన్‌డోంగ్‌కు చెందిన తాంగ్ హెఎన్ అనే రైతు చేతికర్ర ఒకటి చైనాలోని ప్రదర్శనశాలలో ఉంది. అది వెదురు కర్ర. తన బృందంతో బండి తోసుకుంటూ తాను దాటిన ఊళ్ళ పేర్లను దాని మీద చెక్కుకున్నారు. మూడు రాష్ట్రాల్లో 88 ఊళ్ళు. నడక ఎంత దూరం సాగిందో చెప్పడానికి అంతకన్నా ఆధారం అక్కరలేదు.

వారు ఎందుకు వెళ్ళారన్నది అసలు ప్రశ్న. అందరూ ఉత్సాహంతో ఉరికారని చెప్పడం సరికాదు. ఇంత మంది, ఇన్ని బండ్లు అని ఊరికి వాటా వేసేవారు. ఆ వాటాను ఊరి పార్టీ సంఘం నెరవేర్చాలి. తప్పించుకోవడం తేలిక కాదు. మధ్యలో పారిపోయినవారూ ఉన్నారు. అయినా కేవలం బలవంతంతో ఇన్ని లక్షల మందిని చలికాలంలో, కాల్పుల దగ్గరికి, నెలల తరబడి నడిపించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యపడదు. కమ్యూనిస్టు పార్టీ తెచ్చిన 1947 అక్టోబరు నాటి భూ చట్టం తరువాత షాన్‌డోంగ్, ఉత్తర జియాంగ్సు పల్లెల్లో భూమి చేతులు మారింది. ఆ పంపకం ఎన్నో చోట్ల దారుణ హింసతో జరిగింది, దానిని దాచిపెట్టి చరిత్ర రాయకూడదు. కానీ భూమి పొందిన కుటుంబానికి ఒక విషయం స్పష్టంగా తెలుసు: ప్రభుత్వ సేన తిరిగివస్తే దాని వెనుకే పాత భూస్వామి సాయుధులతో వస్తాడు, భూమితో సరిపెట్టడు. అటువంటి రాకలను వారు 1946, 1947లలో కళ్ళారా చూశారు. ఆ భయమూ, ఆ ఆశా కలిసి బండిని తోయించాయి.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. దు యూమింగ్ సేన చెన్‌గ్వాన్‌జువాంగ్ చుట్టుపక్కల కొద్దిపాటి ఊళ్ళలో చిక్కుకొని ఉంది. డిసెంబరు 20 ప్రాంతం నుంచి మంచు పడడం మొదలై రోజుల తరబడి ఆగలేదు. విమానాలు రాలేదు. వచ్చినప్పుడు వేసిన మూటలలో కొన్ని శత్రువు వైపు పడ్డాయి. తమ వైపు పడిన వాటి కోసం సొంత దళాలే ఒకదాని మీద ఒకటి కాల్పులు జరుపుకున్నాయి. ముందు గుర్రాలను కోసుకు తిన్నారు, తరువాత పొలంలోని గోధుమ మొలకలను పీకి తిన్నారు. వంటచెరకు కోసం ఇళ్ళ దూలాలు, ఆపైన శవపేటికలు తవ్వి తీశారు. షూజౌ నుంచి సైన్యం వెంట వచ్చిన విద్యార్థులు, ఉద్యోగులు, స్త్రీలు, పిల్లలు కూడా ఆ మంచులోనే ఉన్నారు. ముట్టడి చేస్తున్నవారు అన్నం వండి, లౌడ్‌స్పీకర్లలో పిలిచేవారు. పెద్ద దాడి ఆపి ఉంచిన ఇరవై రోజుల్లోనే 14 వేల మందికి పైగా అటు నుంచి ఇటు నడిచివచ్చారు.

వచ్చినవారిని ఏం చేశారన్నది కూడా ముఖ్యం. కడుపునిండా తిండి పెట్టి, తమ ఊళ్ళలో తాము పడిన కష్టాలను సభలో చెప్పుకోనిచ్చి, టోపీ మార్చి అదే తుపాకితో వరుసలో నిలబెట్టారు. కొందరు పట్టుబడిన కొద్ది రోజులకే పాత సహచరుల మీద పోరాడారు. లక్ష మందికి పైగా నష్టపోయిన కమ్యూనిస్టుల తూర్పు చైనా సేన, యుద్ధం ముగిసేనాటికి మొదట ఉన్నప్పటికన్నా పెద్దదైంది. బలవంతంగా సైన్యంలో చేర్చబడిన రైతుబిడ్డకు ఏ జెండా కింద పోరాడాలన్న పట్టింపు ఎంత ఉంటుంది? తిండి ఎక్కడ ఉంటే అక్కడికి వచ్చాడు. కనుక నా అభిప్రాయంలో పాతపటం గారు చెప్పిన ఆదేశాల లోపం ముట్టడిని తెచ్చింది, తిండి దానిని ముగించింది.

తంగేడు:

గెరిల్లాలు మైదాన యుద్ధం ఎలా చేయగలిగారన్న మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివేవారికి అది దగ్గరి విషయం. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం మావో రచనలను ఆధారం చేసుకొని మన దేశానికి చైనా మార్గమే తగినదని వాదించింది. అఖిల భారత పార్టీ కార్యదర్శి రణదివే నాయకత్వం దానిని తప్పుపట్టింది. ఆ వాదప్రతివాదాల మూలంగా తెలుగునాట చైనా విప్లవం అంటే దీర్ఘకాల గెరిల్లా యుద్ధం అన్న భావన స్థిరపడింది. అదే సంవత్సరం చివర చైనాలో జరుగుతున్నది దానికి చాలా దూరంగా వచ్చేసిన యుద్ధం.

ఆ మార్పు రెండేళ్ళలో మెట్టు మెట్టుగా జరిగింది. 1947 వేసవిలో ల్యూ, డెంగ్ సేన పసుపు నదిని దాటి ప్రభుత్వ ప్రాంతాల గుండా దాబియె కొండలకు చేరుకున్నది. ఆ ప్రయాణంలో బరువైన ఫిరంగులను దాదాపు అన్నింటినీ పోగొట్టుకున్నది. అందుకే షువాంగ్‌ద్వేజిలో ఆ సేన ఖాళీ పెట్రోలు పీపాలను నేలలో పాతి, వాటిలో తుపాకి మందు నింపి, పేలుడు మూటలను విసిరే సాధనాలు తయారుచేసుకున్నది. వాటి దూరం తక్కువ. కనుక రాత్రిపూట కందకాలు తవ్వుకుంటూ శత్రువు ముంగిటికి వెళ్ళవలసి వచ్చింది. మరోవైపు సు యూ నడిపిన తూర్పు చైనా సేన దగ్గర ప్రభుత్వం నుంచే స్వాధీనం చేసుకున్న ఫిరంగులు, కొన్ని ట్యాంకులు కూడా ఉన్నాయి.

సు యూ గురించి ఇంకొక మాట చెప్పాలి. 1948 ఆరంభంలో మావో ఆయనను మూడు దళాలతో యాంగ్‌ట్సీ దాటి దక్షిణానికి వెళ్ళమన్నారు. అది గెరిల్లా పద్ధతికి దగ్గరైన ఆలోచన. సు యూ ఏప్రిల్‌లో అభ్యంతరం తెలిపారు. ఆ దళాలు నదికి ఇవతలే ఉంటే ప్రభుత్వ ప్రధాన బలాన్ని ఇక్కడే దెబ్బతీయవచ్చని వాదించి ఒప్పించారు. సెప్టెంబరు 24న జినాన్ నగరం పడిపోయిన రోజునే హువాయ్‌హాయ్ యుద్ధాన్ని ప్రతిపాదించారు. అప్పటి ప్రతిపాదన చిన్నది. సంఘటనలు అనుకూలించిన కొద్దీ అది పెరిగింది. పై అధికారి ఆదేశాన్ని కింది సేనాని ప్రశ్నించగలగడం, పైవారు విని మార్చుకోగలగడం ఈ వైపు జరిగింది. డిసెంబరు 3న దు యూమింగ్ దగ్గర అది జరగలేదు. ఈ రెండు పక్షాలనూ పోల్చేటప్పుడు ఆయుధాల లెక్క కన్నా నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

చెన్‌గ్వాన్‌జువాంగ్ దగ్గర డిసెంబరు మధ్య నుంచి జనవరి 6 వరకు పెద్ద దాడి ఎందుకు ఆపారన్నది కూడా చాలామందికి అర్థం కాని విషయం. సైనికులకు విశ్రాంతి అవసరమన్నది ఒక కారణం. ఉత్తరాన బేపింగ్ (నేటి బీజింగ్), తియాన్‌జిన్ ప్రాంతంలో ప్రభుత్వ సేనాని ఫూ జువోయీ సేన ఇంకా చెక్కుచెదరలేదు. దు యూమింగ్‌ను వెంటనే అంతం చేస్తే చియాంగ్ భయపడి ఫూ జువోయీ సేనను సముద్రమార్గాన దక్షిణానికి తెప్పించుకోవచ్చు. కమ్యూనిస్టు సేనాని లిన్ బియావో మంచూరియా సేనతో వచ్చి ఆ దారులు మూసేదాకా ఇక్కడ ఆగారు. ఆ విరామంలోనే దు యూమింగ్‌ను లొంగిపొమ్మని మావో రాసిన లేఖను రేడియోలో ప్రసారం చేశారు. ఆయన లొంగలేదు.

నల్లరేగడి:

తంగేడు గారూ, ధాన్యపుగాదె గారూ, మీ ఇద్దరి జవాబులూ పదే పదే చదివాను. పాతపటం గారిని చివరగా ఒకటి అడుగుతాను. డిసెంబరు 3 నాటి ఉత్తరాన్ని దు యూమింగ్ పక్కనపెట్టి ముందుకు వెళ్ళి ఉంటే ఆ సేన దక్కేదా?

పాతపటం:

కొంత దక్కేదని నా నమ్మకం, అందరూ కాదు. 3 లక్షల మంది, వారి బండ్లు, కుటుంబాలు ఒకే దారిలో కిక్కిరిసి ఉన్నారు. వెంబడించినవారు వంటకు కూడా ఆగకుండా రోజంతా నడిచి వచ్చారు. బండ్లనూ బరువులనూ వదిలేసి సాగిపోయి ఉంటే ముందు వరుసల్లోని దళాలు హువాయ్ నదికి చేరి ఉండవచ్చు. డిసెంబరు 6న దు యూమింగ్ వెంట ఉన్న మూడు సేనలలో ఒకటైన సున్ యువాన్‌ల్యాంగ్ సేన విడిగా ముట్టడిని ఛేదించబోయి ఛిన్నాభిన్నమైంది, సేనాధిపతి మాత్రం తప్పించుకున్నారు. అప్పటికే మూడు రోజులు ఆలస్యమైంది. డిసెంబరు 3 ఉదయం కదిలి ఉంటే ఫలితం అంత ఘోరంగా ఉండేది కాదు.

హువాంగ్ వెయ్ సంగతి వేరు. దు యూమింగ్ వచ్చినా రాకపోయినా ఆయన సేన మరి కొద్ది రోజులకు మించి నిలబడలేదు. డిసెంబరు 15న ఆయన పట్టుబడి, 1975 దాకా ఖైదులో ఉన్నారు. ఉపసేనాధిపతి హు లియన్ ట్యాంకులో బయటపడ్డారు. అంటే ఆ ఉత్తరం రక్షించదలచినవారిని రక్షించలేదు, బయటపడదగిన వారిని ఆపివేసింది.

అయితే లక్ష మందో లక్షన్నర మందో దక్కి యాంగ్‌ట్సీ వెనక్కి చేరి ఉన్నా అంతర్యుద్ధం ఫలితం మారేదని నేను అనుకోను. 8 లక్షల మంది లిన్ బియావో సేన అప్పటికే మహా కుడ్యం దాటి దక్షిణానికి వచ్చింది. జనవరి 31న బేపింగ్ పోరు లేకుండానే చేతులు మారింది. జనవరి 21నే చియాంగ్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. ఏప్రిల్ 23న నాన్‌జింగ్ పడిపోయింది. యాంగ్‌ట్సీ మీద మరికొన్ని నెలలు నిలబడి, సంధి చర్చల్లో ప్రభుత్వం కాస్త బలంగా మాట్లాడగలిగేదేమో. దు యూమింగ్ విషయానికి వస్తే, జనవరి 10న మారుపేరుతో తప్పించుకోబోయి పట్టుబడ్డారు. 1959 డిసెంబరులో మొదటి క్షమాభిక్షలో విడుదలయ్యారు. చ్యూ చింగ్‌చ్వాన్ ఆ రోజే యుద్ధభూమిలో మరణించారు. లీ మీ తప్పించుకొని, తరువాతి సంవత్సరాల్లో యున్నాన్ సరిహద్దు దాటి బర్మా కొండల్లో మిగిలిన కొమింటాంగ్ దళాలను నడిపించారు.